5.5 మి.మీ. స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్: 47 మి.మీ. గ్రూప్ 14కి దిగిన డైరీ

పెల్లెట్లు (చిన్న సీసపు గుండ్లు), స్కోప్ (గురి చూసే దుర్భిణి), మౌంట్ (స్కోప్‌ను తుపాకీకి బిగించే పట్టు) ఎంచుకోవడంలో నేను చేసిన పని వరుసగా రాసి పెడుతున్నాను. తప్పులు కూడా ఉన్నాయి, అవే ఎక్కువ. ఇదే పని మొదలుపెట్టేవాళ్లు అంకెలను తమ అంకెలతో పోల్చుకోవచ్చు. నా వరుసను మాత్రం అలాగే పాటించకండి. నేను చివర చేయాల్సిన పనిని మొదట చేశాను.

రైఫిల్: బ్యారెల్ విరిచి లోడ్ చేసే స్ప్రింగ్ పిస్టన్ రకం (స్ప్రింగ్ తోసిన పిస్టన్ గాలిని కుదించి పెల్లెట్‌ను పంపుతుంది), 5.5 మి.మీ. (0.22 అంగుళం). 4.5 మి.మీ. పెల్లెట్ తేలిక, వేగం ఎక్కువ, దారి చదును. 6.35 మి.మీ. బరువు, దాని దారి త్వరగా వంగిపోతుంది. కాగితం మీద గురికీ, ఇనుప టార్గెట్లు పడగొట్టడానికీ ఒకే తుపాకీ కావాలనుకుంటే మధ్యలో ఉన్న 5.5 సరిపోతుంది.

కొలిచే పద్ధతి మొదటి నుంచి చివరి వరకు ఒకటే:

1. దూరం 25 మీటర్లు, టేపుతో కొలిచి మేకు కొట్టాను.
2. ఒక గ్రూప్ అంటే 10 షాట్లు. బాగా దూరంగా పడ్డ రెండు రంధ్రాల మధ్య, కేంద్రం నుంచి కేంద్రానికి కొలత.
3. గాలి కదలని తెల్లవారుజామునే షూట్ చేయడం.
4. ఒకసారికి ఒకే మార్పు.

5 షాట్ల గ్రూప్ నమ్మొద్దు. అదే తుపాకీ, అదే పెల్లెట్, ఒకసారి 5 షాట్లు 15 మి.మీ.లో పడతాయి, వెంటనే ఇంకో 5 షాట్లు 40 మి.మీ. చూపిస్తాయి. మొదటిది చూసి సంబరపడి ఆగిపోతే తర్వాత తీసుకునే నిర్ణయాలన్నీ తప్పుతాయి.

భద్రత గురించి ఒక్క పేరా, ఎందుకంటే ఇది తర్వాత రాద్దాంలే అనుకునే విషయం కాదు. టార్గెట్ వెనక మెత్తటి పుట్టీ నింపిన పెట్టె, దాని వెనక ఉక్కు పలక. రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి. స్ప్రింగ్ బిగించాక పెల్లెట్ పెట్టేటప్పుడు రెండో చేయి బ్యారెల్‌ను గట్టిగా పట్టుకునే ఉండాలి. ట్రిగ్గర్ జారితే బ్యారెల్ ఒక్కసారిగా మూసుకుని వేళ్లు నలిగిపోతాయి. పెల్లెట్ లేకుండా ఎప్పుడూ పేల్చకూడదు, ముందు గాలి దిండు లేక పిస్టన్ నేరుగా కుదింపు గది చివరి గోడకు కొట్టుకుంటుంది. పెల్లెట్లు సీసం కాబట్టి పని అయ్యాక చేతులు సబ్బుతో కడగాలి, మధ్యలో ఏమీ తినకూడదు.

దశ 1: ఉన్నది ఉన్నట్టు

1.03 గ్రాముల (15.89 గ్రెయిన్ల) గుండ్రటి తల పెల్లెట్లు, డబ్బా మీద తల కొలత 5.50. తుపాకీ ముందు భాగం ఇసుక సంచి మీద ఆనించి షూట్ చేశాను.

గ్రూపులు: 44, 51, 47. సగటు 47.3 మి.మీ.

ఇప్పటివరకు: 30 షాట్లు.

దశ 2: పెల్లెట్లు తూచడం (వృథా అయిన దశ)

అందరూ చెప్పే మాటే కదా అని పెల్లెట్ల బరువుతో మొదలుపెట్టాను. 0.001 గ్రాము చూపించే చిన్న తూకం, పట్టకారు, గుడ్డ పరిచిన పళ్లెం. 200 పెల్లెట్లు.

మొదటి 80 తూచాక 1 గ్రాము రాయి పెట్టి చూస్తే తూకం 1.006 చూపించింది. ఫ్యాన్ గాలి, చేతి వేడి కలిసి సున్నాను జరిపేశాయి. ఆ 80 మళ్లీ మొదటి నుంచి. ఫ్యాన్ ఆపి, తూకానికి చుట్టూ అట్టపెట్టె అడ్డం పెట్టి, ప్రతి 20 పెల్లెట్లకు ఒకసారి రాయితో సరిచూస్తూ పూర్తి చేశాను. రెండున్నర గంటలు పట్టింది. తేలికైనది 1.021, బరువైనది 1.040. 1.027 నుంచి 1.033 మధ్య ఉన్నవి మాత్రమే తీసుకున్నాను.

గ్రూపులు: 45, 49, 43. సగటు 45.7 మి.మీ. దీన్ని మెరుగు అనలేం.

తూచే ముందే ఒక లెక్క వేసుకుని ఉండాల్సింది. 200 మీ./సె. వేగంతో బయల్దేరిన ఈ పెల్లెట్ 25 మీటర్లలో దాదాపు 82 మి.మీ. కిందికి పడుతుంది. తుపాకీ ఇచ్చే శక్తి ఒకటే అనుకుంటే, పెల్లెట్ ఒక శాతం బరువు పెరిగినప్పుడు ఈ పడటం కూడా సుమారు ఒక శాతమే పెరుగుతుంది. అంటే 0.8 మి.మీ. నా గ్రూప్ 47 మి.మీ. ఉన్నప్పుడు 0.8 మి.మీ. కోసం రెండున్నర గంటలు పెట్టాను.

ఇప్పటివరకు: 60 షాట్లు.

దశ 3: వేగం కొలిస్తే బయటపడింది

క్రోనోగ్రాఫ్ తెచ్చి 20 షాట్లు కొలిచాను. తక్కువ 188, ఎక్కువ 202, సగటు 195 మీ./సె. శక్తి 19.6 జౌళ్లు. సగటు బాగానే ఉంది, 14 మీ./సె. తేడానే చిక్కు. వేగం 7 శాతం తేడా వస్తే, కిందికి పడటంలో 14 శాతం తేడా వస్తుంది. 25 మీటర్ల దగ్గర అది నిలువునా 12 మి.మీ. తూకంతో అందని కారణం ఇక్కడ దొరికింది.

ఇక్కడే ఇంకో తప్పు చేశాను. పిస్టన్ సీల్ ఎండిపోయి ఉంటుందని ఊహించి, గాలి వచ్చే రంధ్రంలో మామూలు మెషిన్ ఆయిల్ రెండు చుక్కలు వేశాను. తర్వాతి షాట్ టపాకాయలా పేలింది, బ్యారెల్ లోంచి పొగ. వేగాలు 238, 229, 251. కుదింపు గదిలో వేడికి నూనె మండడమే ఇది, డీజిలింగ్ అంటారు. వేగం పెరిగిందని ఆనందించే విషయం కాదు. సీల్ కాలుతుంది, స్ప్రింగ్ మీద ఎదురుదెబ్బ పడుతుంది. మళ్లీ మామూలు వేగానికి రావడానికి 25 షాట్లు పట్టాయి. పెట్రోలియం నూనె ఆ రంధ్రంలోకి ఎట్టి పరిస్థితుల్లో వెళ్లకూడదు.

అసలు లోపం బ్రీచ్ సీల్‌లో ఉంది, అంటే బ్యారెల్ మూసుకునే చోట ఉండే రబ్బరు రింగు. పరీక్ష చాలా తేలిక:

1. పలుచని టిష్యూ కాగితం ముక్కను, బ్యారెల్ మూసే సందు మీద వదులుగా పెట్టాలి.
2. పెల్లెట్ వేసి, సురక్షితమైన దిక్కుకు పేల్చాలి.
3. కాగితం ఎగిరితే గాలి అక్కడినుంచే పోతోంది.

నాది అడుగు ఎత్తు ఎగిరింది. పాత రింగు తీసి చూస్తే పైభాగం నొక్కుకుపోయి చదునుగా ఉంది. కొత్త రింగు వేసి, కింద 0.3 మి.మీ. పలుచని వాషర్లు రెండు పెట్టాను. ఎక్కువ ఎత్తు ఉంటే గట్టిగా మూసుకుంటుందనుకున్నాను. బ్యారెల్ పూర్తిగా మూసుకోలేదు, లాక్ సగమే పట్టింది. 10 షాట్లలో పెల్లెట్లు పైకీ కిందికీ రెండు గుంపులుగా పడ్డాయి. ఒక వాషర్ తీసేశాక సరిగ్గా కూర్చుంది.

మళ్లీ 20 షాట్లు: 197 నుంచి 203 వరకు, సగటు 200 మీ./సె., 20.6 జౌళ్లు. తేడా 14 నుంచి 6కి తగ్గింది. కాగితం కదల్లేదు.

గ్రూపులు: 36, 33, 38. సగటు 35.7 మి.మీ.

ఇప్పటివరకు: 165 షాట్లు. ఇందులో 35 షాట్లు నూనె, రెండో వాషర్ తినేశాయి.

దశ 4: స్క్రూలు, మౌంట్, స్కోప్

స్టాక్‌ను (తుపాకీ చెక్క భాగాన్ని) పట్టి ఉంచే ముందు స్క్రూలు రెండూ పావు చుట్టు తిరిగేంత వదులుగా ఉన్నాయి. స్ప్రింగ్ రైఫిల్‌లో ఇది మామూలే, ప్రతి షాట్‌కూ ఒళ్లంతా అదురుతుంది కాబట్టి. స్క్రూలు తీసి, స్పిరిట్‌తో నూనె తుడిచి, మధ్యస్థ బలం ఉన్న త్రెడ్‌లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) చుక్క వేసి బిగించాను. శాశ్వతంగా పట్టేసే రకం వాడొద్దు, మళ్లీ విప్పలేరు. బిగించాక స్క్రూ తల నుంచి చెక్క మీదకు తెల్ల పెయింట్‌తో సన్నని గీత గీశాను. గీత విరిగినట్టు కనిపిస్తే స్క్రూ కదిలిందని చూడగానే తెలుస్తుంది.

గ్రూపులు: 31, 34, 30. సగటు 31.7 మి.మీ. మొత్తం 195 షాట్లు.

ఈ 30 షాట్లకు ముందే స్కోప్ మౌంట్ వెనక అంచు దగ్గర పెన్సిల్ గీత పెట్టాను. షాట్లు అయ్యాక చూస్తే మౌంట్ ఒక మి.మీ. వెనక్కి జరిగింది. గ్రూప్ ఎందుకు సాగుతూ పోతోందో అప్పుడు అర్థమైంది. పిస్టన్ ముందుకు దూకినప్పుడు తుపాకీ వెనక్కి తంతుంది, పిస్టన్ ఆగినప్పుడు ముందుకు కుదుపుతుంది. ఈ రెండు దిక్కుల దెబ్బ వల్ల మౌంట్ పట్టు సడలి పాకుతుంది, స్కోప్ లోపలి భాగాలూ దెబ్బతింటాయి. పెద్ద తుపాకీ మీద ఏళ్లు పనిచేసిన స్కోప్ కూడా స్ప్రింగ్ రైఫిల్ మీద పాడవ్వచ్చు. కొనేటప్పుడు ఎయిర్ రైఫిల్‌కు తగినదని రాసి ఉందో లేదో చూడాలి.

స్కోప్‌లో ఇంకో లోపం ఉంది. అది 91 మీటర్ల (100 గజాల) దగ్గర మాత్రమే పారలాక్స్ (కన్ను జరిగితే గురి జరిగినట్టు కనిపించడం) లేకుండా స్థిరంగా పెట్టిన రకం. 25 మీటర్ల టార్గెట్ చూస్తూ తల కొద్దిగా కదిపితే చాలు, క్రాస్‌హెయిర్ కాగితం మీద జరుగుతుంది. 40 మి.మీ. ముందు అద్దం ఉన్న స్కోప్‌కు ఈ దూరంలో లెక్క వేస్తే, కన్ను పూర్తిగా అంచుకు పోతే వచ్చే తేడా 14 మి.మీ. పైనే. నా చెంప ప్రతిసారీ ఒకే చోట ఆనదు. మరి గ్రూప్ ఎలా చిన్నదవుతుంది?

మార్చినవి:

1. రెండు విడి రింగుల మౌంట్ తీసేసి, ఒకే ముక్కగా ఉండే మౌంట్. దాని అడుగున ఉన్న ఆపుడు పిన్ తుపాకీ మీద ఉన్న రంధ్రంలో కూర్చోవాలి.
2. ముందు అద్దం తిప్పి 9 మీటర్ల వరకు ఫోకస్ చేసుకోగల 4–12×40 స్కోప్ (4 నుంచి 12 రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది, ముందు అద్దం 40 మి.మీ.).

మౌంట్ కొనే ముందు తుపాకీ మీది గాడిని కొలవండి. 11 మి.మీ. అని పిలిచే గాడులన్నీ కచ్చితంగా 11 ఉండవు. నాది వెర్నియర్‌తో 11.3 వచ్చింది.

కొత్తవి బిగించి, టరెట్లు (స్కోప్ గురిని జరిపే మరలు) మధ్యలో పెట్టి పేలిస్తే పెల్లెట్లు గురికి 16 సెం.మీ. కింద పడ్డాయి. బ్యారెల్ విరిచే తుపాకుల్లో బ్యారెల్ కొద్దిగా కిందికి వంగి ఉండటం తరచూ చూస్తాం. ఒక ఎం.ఓ.ఏ. అంటే డిగ్రీలో అరవయ్యో వంతు, 25 మీటర్ల దగ్గర 7.3 మి.మీ. కాబట్టి నాకు 22 ఎం.ఓ.ఏ. పైకి తిప్పాలి. స్కోప్‌కు పైకి ఉన్నదే 30. తిప్పొచ్చు, కానీ చివరికంటా తిప్పితే లోపల క్రాస్‌హెయిర్‌ను పట్టి ఉంచే స్ప్రింగ్ వదులవుతుంది, అదురుకు క్రాస్‌హెయిర్ తిరుగుతూ ఉంటుంది.

ముందు చేసిన చవక ఉపాయం: వెనక రింగులో స్కోప్ కింద 0.5 మి.మీ. ప్లాస్టిక్ రేకు. రింగుల మధ్య దూరం 100 మి.మీ. కాబట్టి అది 17 ఎం.ఓ.ఏ. ఇస్తుంది. లెక్క సరిపోయింది, ఎత్తు వచ్చింది. 20 షాట్లు అయ్యాక విప్పి చూస్తే స్కోప్ గొట్టం మీద రింగు అంచు కొరికిన గీత. స్కోప్ వంకరగా కూర్చుంటే రింగులు దాన్ని వంచుతాయి. 0.1 మి.మీ. రేకు అయితే పర్వాలేదు, సగం మి.మీ. చాలా ఎక్కువ. రేకు తీసేసి, వెనక వైపు ఎత్తుగా మలిచిన డ్రూప్ మౌంట్ తెచ్చాను. ఈ దశలో ముందే కొనాల్సిన వస్తువు ఇదే. బ్యారెల్ వంపు ఎంతో పాత స్కోప్‌తోనే కొలిచి ఉంటే మౌంట్ ఒక్కసారే కొనేవాణ్ని.

జీరో చేయడానికి, అంటే గురి పెట్టిన చోటే పెల్లెట్ పడేలా సరిచేయడానికి, 15 షాట్లు. గ్రూపులు: 24, 22, 27. సగటు 24.3 మి.మీ.

ఇప్పటివరకు: 260 షాట్లు.

దశ 5: పట్టుకునే తీరు

ఇసుక సంచి మీద గట్టిగా ఆనిస్తే స్ప్రింగ్ రైఫిల్ ప్రతిసారీ వేరేలా ఎగురుతుంది. పెల్లెట్ ఇంకా బ్యారెల్‌లో ఉండగానే తుపాకీ కదలడం మొదలవుతుంది కాబట్టి, ఆ కదలిక ప్రతి షాట్‌కూ ఒకేలా ఉండాలి. అందుకు దాన్ని వదులుగా పట్టుకోవాలి. అమెరికన్ ఎయిర్‌గన్ రచయిత టామ్ గేలార్డ్ దీనికి ఆర్టిలరీ హోల్డ్ అని పేరు పెట్టాడు. ఫిరంగి తన బండి మీద వెనక్కి జారినట్టు తుపాకీని జారనివ్వడం.

అరచేయి సంచి మీద చాపి, దాని మీద తుపాకీని ఉత్తగా పెట్టాను. వేళ్లు ముడవలేదు. భుజానికి తాకీ తాకనట్టు.

అరచేయి ట్రిగ్గర్ గార్డ్‌కు ముందు: 17, 19, 16. సగటు 17.3 మి.మీ.
అరచేయి స్టాక్ ముందు చివర: 22, 25, 21. సగటు 22.7 మి.మీ.

రెండు చోట్ల మధ్య గ్రూప్ మొత్తం 9 మి.మీ. పైకి జరిగింది. అందుకే స్టాక్ అడుగున, చూపుడువేలు అంచు ఆనే చోట చిన్న టేపు ముక్క అంటించాను. చేయి ఎప్పుడూ అక్కడికే వెళ్తుంది. ఈ దశకు టేపు తప్ప ఏమీ కొనలేదు.

ఇప్పటివరకు: 320 షాట్లు.

దశ 6: ఇప్పుడు పెల్లెట్లు

నాలుగు బరువులు, అన్నీ గుండ్రటి తలవే. రకం మార్చినప్పుడల్లా బ్యారెల్‌లో మెత్తటి గుడ్డ లాగి, 20 షాట్లు ఊరికే పేల్చి, ఆ తర్వాతి 20 మాత్రమే కొలిచాను. కొత్త సీసం, కొత్త పూత బ్యారెల్‌కు అలవాటు పడేదాకా గ్రూప్ చెదురుతుంది.

0.93 గ్రాములు: 210 మీ./సె., 20.5 జౌళ్లు, గ్రూప్ 24
0.95 గ్రాములు: 208 మీ./సె., 20.6 జౌళ్లు, గ్రూప్ 19
1.03 గ్రాములు: 200 మీ./సె., 20.6 జౌళ్లు, గ్రూప్ 17
1.175 గ్రాములు: 184 మీ./సె., 19.9 జౌళ్లు, గ్రూప్ 28

బరువైనది తన్నుడు కూడా మోటుగా అనిపించింది. ఇంకొకరి తుపాకీలో ఇదే గెలవొచ్చు. ఫలితాన్ని తీసుకోకండి, పరీక్షను తీసుకోండి.

తర్వాత అదే 1.03 గ్రాముల పెల్లెట్, తల కొలత 5.52 రాసిన డబ్బా. 5.50 పెల్లెట్ బ్రీచ్‌లో వేలితో తోస్తే లోపలికి జారిపోయేది. 5.52 కొద్దిగా ఎదురు తిరిగి, చివర్లో గట్టిగా కూర్చుంటుంది. తలను మైక్రోమీటర్‌తో కొలవాలని చూడొద్దు, సీసం మెత్తన, దవడల మధ్య నొక్కుకుపోతుంది. వరుసగా పెరిగే రంధ్రాలున్న గేజ్ పలక వాడాను. 5.52 డబ్బాలో ఎక్కువవి 5.51 నుంచి 5.53 మధ్య ఉన్నాయి.

గ్రూపులు: 13, 15, 14. సగటు 14 మి.మీ. మొత్తం 510 షాట్లు.

దశ 2 మనసులోంచి పోలేదు. అందుకని మళ్లీ పరీక్షించాను:

1. తూచి ఏరినవి, 30 షాట్లు: సగటు 13.7 మి.మీ.
2. డబ్బా నుంచి నేరుగా, 30 షాట్లు: సగటు 14.3 మి.మీ.
3. వెనక అంచు నొక్కుకుపోయినవి, కావాలని 10 షాట్లు: 31 మి.మీ.

తూకం పక్కన పెట్టేశాను. దాని బదులు ప్రతి పెల్లెట్ వెనక అంచును వెలుగులో తిప్పి చూస్తాను. పెల్లెట్‌కు రెండు సెకన్లు. నొక్కుకుపోయిన అంచు సగం పక్క గాలిని వదిలేస్తుంది, పెల్లెట్ వంకరగా బయల్దేరుతుంది.

ఇప్పటివరకు: 580 షాట్లు.

దశ 7: దూరాల పట్టీ

స్కోప్ మధ్య గీత బ్యారెల్ మధ్య నుంచి 45 మి.మీ. ఎత్తు. జీరో 25 మీటర్లు. ప్రతి దూరంలో 5 షాట్లు, గుంపు మధ్య బిందువు తీసుకున్నాను. ఇక్కడ గ్రూప్ పరిమాణంతో పని లేదు, మధ్య బిందువు చాలు కాబట్టి 5 పెట్టాను.

10 మీటర్లు: 7 మి.మీ. కింద
15 మీటర్లు: 2 మి.మీ. పైన
20 మీటర్లు: 5 మి.మీ. పైన
25 మీటర్లు: 0
30 మీటర్లు: 14 మి.మీ. కింద, 6 క్లిక్‌లు
35 మీటర్లు: 34 మి.మీ. కింద, 13 క్లిక్‌లు
40 మీటర్లు: 62 మి.మీ. కింద, 21 క్లిక్‌లు

టరెట్ ఒక్క క్లిక్ తిప్పితే పావు ఎం.ఓ.ఏ. 13 నుంచి 26 మీటర్ల దాకా ఏమీ తిప్పకుండా నేరుగా గురి పెడితే చాలు, తేడా 5 మి.మీ. దాటదు. 30 దాటితే దూరం కచ్చితంగా తెలియాలి: 35 అనుకున్నది 40 అయితే పెల్లెట్ దాదాపు 23 మి.మీ. కింద పడుతుంది. పట్టీని కాగితం మీద రాసి స్కోప్ మూత లోపల అంటించాను.

మొత్తం: 615 షాట్లు, దాదాపు 0.63 కిలోల సీసం పుట్టీలో ఉంది.

దశ 4లో గీసిన తెల్ల గీతలను ఈ ఉదయం చూశాను. ముందు స్క్రూలు రెండూ కదల్లేదు. ట్రిగ్గర్ గార్డ్ స్క్రూ గీత వెంట్రుకవాసి విరిగింది, దానికి నేను త్రెడ్‌లాకర్ వేయలేదు. విప్పి, తుడిచి, చుక్క వేసి బిగించాను. రేపు తెల్లవారుజామున గాలి లేకపోతే మూడు గ్రూపులు మళ్లీ కొలవాలి.